మోటుపల్లి రాయి నుంచి మన రోస్టర్ దాకా: మారకూడని అంకెల చరిత్ర



పోయిన వారం డిగ్రీ మొదటి సంవత్సరం తమ్ముడు ఒకతను ఇక్కడ ఒక ప్రశ్న పెట్టాడు. సీ లాంగ్వేజీలో మారని విలువ పెట్టడానికి హాష్ డిఫైన్ వాడాలా, కాన్‌స్ట్ వాడాలా, రెండూ ఒకటేనా అని. ఇద్దరు ముగ్గురు ఒక్కో లైనులో జవాబు చెప్పారు. పరీక్షకు అది చాలు. కానీ ఆ ప్రశ్న వెనక చాలా పెద్ద కథ ఉంది, అది చివరికి మన ఉద్యోగాల దాకా వస్తాది. అందుకే ఇంత పొడుగు పోస్టు. మెస్‌లో తినేసి వచ్చి తీరిగ్గా చదవండి. కంప్యూటర్ చదవనివాళ్లకు కూడా అర్థం కావాలని రాస్తున్నా.

మాది తర్లుపాడు మండలం. మాకు దగ్గర పట్నం మార్కాపురం, పలకలకు పేరుపోయిన ఊరు. పలక మీద రాసింది అరచేత్తో తుడిస్తే పోతాది, మళ్లీ ఇంకోటి రాసుకోవచ్చు. ప్రోగ్రామింగులో వేరియబుల్ అంటే సరిగ్గా ఆ పలకే. కాన్‌స్టెంట్ అంటే పలక కాదు, శాసనం. ఒకసారి చెక్కినాక దాన్ని అందరూ చదవాలి గానీ ఎవరూ దిద్దకూడదు.

శాసనం అన్నది ఊరికే పోలిక కోసం అనలేదు. మొన్న 2022 దాకా మన ప్రకాశం జిల్లాలోనే ఉండి, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయిన మోటుపల్లి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. అక్కడ కాకతీయ గణపతిదేవుడు 1244లో ఒక శాసనం వేయించాడు. అభయశాసనం అంటారు దాన్ని. అంతకుముందు ఓడ గాలివానకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొస్తే, ఆ ఒడ్డు ఏలే రాజు అందులో ఉన్న సరుకంతా తీసేసుకునేవాడంట. గణపతిదేవుడు ఇక అట్లా చేయమని మాట ఇచ్చి, సుంకం మాత్రం ముప్పైకి ఒక వంతు కట్టాలని తేల్చాడు. అంటే ఒక రేటు ప్రకటించాడు, రాతి మీద చెక్కించాడు, ఓడ దిగినవాడికి కనపడేచోట నిలబెట్టాడు. వర్తకుడికి ధైర్యం ఎక్కడనుంచి వస్తాదంటే ఆ అంకె రేపు మారదనే నమ్మకం నుంచి.

కానీ మారింది. రాజ్యం మారింది, రెడ్డిరాజులు వచ్చారు, 1358లో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో ఇంకో శాసనం వేయించి వర్తకులకు కొత్త రాయితీలు ఇచ్చాడు. ఇక్కడ నాకు నచ్చిన విషయం ఏందంటే, పాత రాయి మీద అంకె గీకి దిద్దలేదు. కొత్త రాయి వేయించి కొత్తగా ప్రకటించారు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అనేది ఈ రోజుకీ చదవచ్చు. కంప్యూటర్ భాషలు ఈ పద్ధతి నేర్చుకోవడానికి దాదాపు ముప్పై ఏళ్లు తీసుకున్నాయి.

ఇప్పుడు 1957కు వద్దాం. మన దేశంలో ఆ ఏడు ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలు అన్నారు. అంతకుముందు రోజు దాకా రూపాయికి 16 అణాలు. తూకాలు కూడా అప్పుడే మారుతున్నాయి. శేరు, వీశె, మణుగు, పుట్టి ఒక్కో సీమలో ఒక్కో లెక్కగా ఉండేవి, వాటి స్థానంలో కిలో, మీటరు పెట్టడానికి పార్లమెంటు 1956లో చట్టం చేసింది. అదే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. మనం జీసీసీ అంటాం గదా, అదే. సంతల్లో వర్తకులు మనవాళ్ల తేనెనూ చింతపండునూ తక్కువ ధరకు, దొంగ తూకానికి కొనకుండా ఆపడానికి అది పెట్టారు.

దొంగ తూకం ఎట్లా పని చేస్తాదో ఒకసారి మనసులో పెట్టుకోండి. వర్తకుడు ప్రతి తూకంలోనూ చేయి వాటం చూపించనక్కర్లేదు. కొనడానికి వాడే కిలో రాయిని ఒక్కసారి బరువు పెంచితే చాలు. ఆ తర్వాత ఎంత నిజాయితీగా తూచినా మోసమే జరుగుతాది.

అదే 1957లో అమెరికాలో ఐబీఎం కంపెనీ ఫోర్ట్రాన్ అనే భాషను బయటికి తెచ్చింది. జాన్ బ్యాకస్ బృందం చేసింది. దాని కంపైలర్లు కొన్నింటిలో ఒక విచిత్రం ఉండేది. ప్రోగ్రాంలో 4 అని అంకె రాస్తే, మెషీన్ మెమరీలో ఒకచోట 4 దాచి, 4 కావల్సినప్పుడల్లా ఆ చోటికే పోయి చదివేది. ఆ 4ను ఒక సబ్‌రొటీన్‌కు పంపారనుకోండి. ఆ సబ్‌రొటీన్ తన దగ్గరికొచ్చిన దానికి 1 కలిపిందనుకోండి. విలువ వేరే కాగితం మీద ఎత్తి ఇవ్వడం కాదు, ఆ చోటు అడ్రస్సే ఇచ్చేది కాబట్టి, 4 దాచిన చోటే 5 అయిపోయేది. ఇక అక్కడనుంచి ప్రోగ్రాంలో 4 అని రాసిన చోటల్లా మెషీన్ 5 అని చదివేది. లెక్క కట్టే కోడులో ఎక్కడ వెతికినా తప్పు దొరకదు. రాయి బరువు మారిపోయింది గదా.

మారకూడని అంకెకు పేరు పెట్టడం, తాళం వేయడం రెండూ అవసరమే అని అప్పటినుంచి మెల్లమెల్లగా తెలిసొచ్చింది. ఫోర్ట్రాన్‌లో పేరు పెట్టి తాళం వేసే పారామీటర్ అనే మాట ఫోర్ట్రాన్ 77లో గానీ ప్రామాణికం కాలేదు.

కోబాల్ సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే అది మన తెలుగువాళ్ల చరిత్రలో భాగం. 1959లో ఆ భాష పని మొదలైంది. బ్యాంకులు, బీమా, జీతాల లెక్కలు అన్నీ దాంట్లోనే రాశారు. జీరో, స్పేసెస్ లాంటి పేరున్న కాన్‌స్టెంట్లు దాంట్లో మొదటినుంచీ ఉన్నాయి. కానీ మనం సొంతంగా ఒక అంకెకు పేరు పెట్టి తాళం వేసే సదుపాయం ప్రామాణిక కోబాల్‌లోకి 2002లో గానీ రాలేదు. అందాకా వేరియబుల్‌కే ఒక విలువ ఇచ్చి, దీన్ని ఎవరూ ముట్టుకోకండి అని కామెంటు రాసుకోవడమే. అది పలక మీద రాసి శాసనం అని పిలిచినట్టు.

మెమరీ అప్పట్లో ఖరీదు. అందుకని సంవత్సరాన్ని రెండంకెలతో రాసేవాళ్లు. 1974ను 74 అని. ముందున్న 19 రాయలేదు, లెక్కలో ఎప్పుడూ ఉన్నట్టే అనుకున్నారు. పేరు లేదు, ప్రకటన లేదు, ఏ ఫైలులో వెతికినా కనపడదు, అయినా ప్రతి లెక్కా దాని మీదే నిలబడి ఉంది. 2000 సంవత్సరం దగ్గరికొచ్చేసరికి అది పెద్ద భయం అయింది. 00 అంటే 1900 అని మెషీన్ అనుకుంటే వడ్డీలు, పింఛన్లు, వయసులు తలకిందులు. ఆ కనపడని 19ను కోట్ల లైన్ల కోడులో వెతికి సరిచేయాలి. వైటూకే అన్నారు దాన్ని.

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోబాల్ నేర్పే ఇన్‌స్టిట్యూట్లు నిండిపోయింది ఆ రోజుల్లోనే. 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్ లాంటి కంపెనీలకు ఈ పని విపరీతంగా వచ్చింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అదే ఏడు అమెరికా హెచ్‌వన్‌బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచుతూ చట్టం చేసింది. ఆ పరిమితి కూడా ఒక కాన్‌స్టెంటే చూడండి. అక్కడెక్కడో సభలో ఒక అంకె మారితే ఇక్కడ గుంటూరులో, ఒంగోలులో కొన్ని వేల ఇళ్ల జాతకం మారింది. అప్పుడు మా నాయన వయసు ఇప్పటి నా వయసే. మా కాలనీలో ఆ ఏడు పది పాసైన వాళ్లే లేరు. ఇది ఏడుపు కోసం చెప్పడం లేదు. మనం ఈ చరిత్రలోకి ఒక తరం ఆలస్యంగా వచ్చాం, అందుకే ముందువాళ్లు ఏం చేశారో చదువుకోవాలి అని చెప్తున్నా.

ఇట్లా అంకెను పేరు లేకుండా కోడు నిండా చల్లడాన్ని హార్డ్‌కోడ్ చేయడం అంటారు. మా తర్లుపాడు స్టేషన్ మీదుగా పోయే గుంటూరు గుంతకల్లు లైను చూస్తే దాని ఖర్చు ఏందో తెలుస్తాది. మొదట అది మీటర్ గేజ్. పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లు. 1990లలో బ్రాడ్ గేజ్ చేశారు, 1,676 మిల్లీమీటర్లు. కాగితం మీద మారింది ఒక్క అంకె. కానీ ఆ అంకె ప్రతి స్లీపర్‌లో, ప్రతి బోగీ చక్రంలో, ప్రతి వంతెనలో కూర్చొని ఉంది, అన్నీ మార్చాల్సి వచ్చింది. ఇనుముతో వేసినదానికి వేరే దారి లేదు. కోడుకు ఉంది. పైన ఒకచోట గేజ్ అని పేరు పెట్టి విలువ రాసి, కింద అంతా పేరే వాడితే, మార్చాల్సింది ఒక్క లైను.

నిక్లాస్ విర్త్ 1970లో పాస్కల్ భాష చేసినప్పుడు ఈ పనిని నియమంగానే పెట్టాడు. వేరియబుల్స్ కంటే ముందే, ప్రోగ్రాం తలలో కాన్‌స్టెంట్ల పట్టిక రాయాలి. సీ భాష వేరే దారి పట్టింది. అందులో మొదట వచ్చింది హాష్ డిఫైన్. తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలవుతాది. హాష్ డిఫైన్ అసలు కంపైలర్ పని కాదు. కంపైలర్ చూడకముందే ప్రీప్రాసెసర్ వచ్చి, ఆ పేరు ఉన్నచోటల్లా విలువను అతికించేసి పోతాది. దానికి టైపు ఉండదు, ఈ ఫంక్షన్ దాకానే చెల్లుతాది అనే హద్దు ఉండదు. 2 ప్లస్ 3 అని బ్రాకెట్లు లేకుండా డిఫైన్ చేసి, తర్వాత దాన్ని 10తో గుణిస్తే 50 రాదు, 32 వస్తాది. 2 ప్లస్ 3 ఇంటూ 10 అని అతికించాడు గదా.

బెల్ ల్యాబ్స్‌లో బ్యార్న్ స్ట్రౌస్ట్రప్‌కు ఇది నచ్చలేదు. 1981లో ఆయన రెండు మాటలు ప్రతిపాదించాడు. ఒకటి రీడ్‌ఓన్లీ, ఇంకోటి రైట్‌ఓన్లీ. రెండోది ఎవరూ తీసుకోలేదు. మొదటిదాన్ని తీసుకున్నారు గానీ పేరు మార్చి కాన్‌స్ట్ అన్నారు. 1989 ఆన్సీ సీలోకి అట్లా వచ్చింది. నా ఉద్దేశంలో పాత పేరే నిజాయితీగా ఉంది. ఎందుకంటే సీలో కాన్‌స్ట్ అంటే శాసనం కాదు, నువ్వు చదవచ్చు గానీ రాయకూడదు అని మాత్రమే. అందుకే సీలో కాన్‌స్ట్ ఇంట్‌ను స్విచ్‌లో కేస్ పక్కన పెడితే ఒప్పుకోవాలని ప్రమాణం చెప్పదు, సీ ప్లస్ ప్లస్‌లో మాత్రం చెల్లుతాది. కంపైల్ చేసేటప్పుడే తేలిపోయే అసలైన కాన్‌స్టెంట్ కోసం కాన్‌స్ట్ఎక్స్‌పర్ అనే మాట సీ ప్లస్ ప్లస్‌కు 2011లో, సీకి 2023 ప్రమాణంలో వచ్చింది. మిగతా భాషల్లో జావా ఫైనల్ అంటుంది. జావాస్క్రిప్ట్‌కు 2015లో కాన్‌స్ట్ దొరికింది, కానీ అది పేరుకే తాళం. లోపల అర్రే ఉంటే దాంట్లో సరుకు మార్చుకోవచ్చు. పైథాన్‌లో తాళమే లేదు, పెద్దక్షరాలతో పేరు రాస్తే ముట్టుకోకూడదని మర్యాద.

ఇంతవరకు ప్రకటించడం. ప్రకటించిన అంకెతో కంపైలర్ ఏం చేస్తాదనేది రెండో కథ.

దీంట్లో మొదట చెప్పాల్సిన పేరు ఫ్రాన్సెస్ ఆలెన్. న్యూయార్క్ రాష్ట్రంలో పెరూ అనే చిన్న ఊరి దగ్గర రైతు కుటుంబంలో పెరిగింది. బడిలో లెక్కలు చెప్పే పంతులమ్మ కావాలనుకుంది. చదువు అప్పు తీర్చడానికి 1957లో ఐబీఎంలో చేరింది, అప్పు తీరగానే వెనక్కి పోదామని. అక్కడ ఆమెకిచ్చిన మొదటి పని, కొత్తగా వచ్చిన ఆ ఫోర్ట్రాన్‌ను సైంటిస్టులకు నేర్పడం. తాను కూడా అప్పుడే నేర్చుకుంటా నేర్పింది. 2002 దాకా అక్కడే ఉండిపోయింది. 2006లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది, ఆ అవార్డు అందుకున్న మొదటి ఆడమనిషి. చదువు అప్పు కట్టేదానికి ఉద్యోగంలో చేరిన పిల్ల ఒక శాస్త్రానికే పునాది వేసింది. మన అక్కలు, చెల్లెళ్లు ఈ పేరా ఇంకోసారి చదవండి.

ఆమె, జాన్ కాక్ కలిసి కంపైలర్ చేయగల మెరుగుదలలను 1971లో ఒక జాబితాగా రాశారు. వాటిలో తేలికైనది కాన్‌స్టెంట్ ఫోల్డింగ్. ప్రోగ్రాంలో 60 ఇంటూ 60 ఇంటూ 24 అని రాస్తే, రన్ అయ్యేటప్పుడు గుణించాల్సిన పనేముంది? కంపైలర్ ముందే 86,400 అని వేసేస్తుంది. అదే లెక్క లూప్‌లో లక్షసార్లు ఉంటే లక్షసార్ల పని మిగిలినట్టే.

ఆ తర్వాత గ్యారీ కిల్డాల్. చిన్న కంప్యూటర్లకు సీపీఎం అనే ఆపరేటింగ్ సిస్టం చేసిన మనిషిగా చాలామందికి తెలుసు. దానికి ముందు 1973లో ఆయన రాసిన పేపర్ కాన్‌స్టెంట్ ప్రాపగేషన్‌కు దారి చూపింది. ఒకచోట ఎక్స్ విలువ 5 అని తెలిస్తే, ప్రోగ్రాం ఏ దారిన పోయినా అది 5గానే ఉంటాదా అని వెంటబడి చూడటం. అన్ని దారుల్లోనూ 5 అయితే ఎక్స్ ఉన్నచోటల్లా 5 పెట్టేయొచ్చు. 1991లో వెగ్‌మన్, జాడెక్ అచ్చువేసిన పేపర్ ఇంకో అడుగు వేసింది. విలువలు తెలిసిపోయినప్పుడు కొన్ని షరతులు ఎప్పటికీ నిజం కావని కూడా తెలిసిపోతాది. ఎక్స్ ఎప్పుడూ 5 అయితే, ఎక్స్ 8 అయినప్పుడు ఇది చెయ్యి అని రాసిన భాగం ఎన్నటికీ నడవదు. అది డెడ్ కోడ్. కంపైలర్ దాన్ని తీసి పారేస్తాది. మనం రాసిన కోడులో ఆ భాగం కనపడతానే ఉంటాది, నడిచే ప్రోగ్రాంలో ఉండదు.

ఇప్పుడు మన సంగతి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ రిజర్వేషన్ 1986లో 4 శాతం నుంచి 6 శాతానికి పెరిగింది. తెలంగాణలో 2022 సెప్టెంబరు చివర్లో జీవో 33తో దాన్ని 10 చేశారు. ఇక్కడ మనకు 6. కానీ ఉద్యోగం ఇచ్చేటప్పుడు లెక్క 6 శాతం అనే అంకెతో నేరుగా జరగదు. స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్‌లో రూల్ 22 కింద పాయింట్ల రోస్టర్ ఉంది. దాంట్లో వంద పాయింట్లకు ఎస్టీల పాయింట్లు 8, 25, 33, 58, 75, 83. ఆరు అంకెలు, వందకు ఆరు. ఇది కాన్‌స్టెంట్ అర్రే. ఇంకో వింత చూడండి, 8, 25, 33కు 50 కలిపితే 58, 75, 83. సగం పట్టిక గుర్తుంటే చాలు.

దీంతో ఒక చిన్న లెక్క వేయండి. రోస్టర్ 1వ పాయింటు నుంచి మొదలైంది, పోస్టులు 7. ఎస్టీ పాయింటు 8. మనకు సున్నా. వెగ్‌మన్, జాడెక్ చెప్పిన డెడ్ కోడ్ ఇదే. రూలులో మన లైను కనపడతానే ఉంటాది, నడవదు. ఇంకోటి, 34 నుంచి మొదలై 24 పోస్టులు ఉంటే 57తో ఆగుతాది. ఇరవై నాలుగు పోస్టుల్లో మనకు ఒక్కటీ రాదు. అదే 25 నుంచి మొదలై 10 పోస్టులే ఉన్నా 25, 33 రెండూ మనవే.

దీంట్లో అన్యాయం ఉందని అప్పుడే అనొద్దు. రోస్టర్‌ను పోయిన నోటిఫికేషన్ ఆగినచోటు నుంచి కొనసాగించాలి. 7తో ఆగితే తర్వాతి మొదటి పోస్టు 8, మనదే. అట్లా వంద పూర్తయ్యేసరికి ఆరూ వస్తాయి. అంటే పాయింట్ల పట్టిక కాన్‌స్టెంట్, ఎక్కడ ఆగింది అనేది వేరియబుల్. రెండూ సరిగ్గా ఉంటేనే 6 అనే మాట నిజం. మనం ధర్నాల్లో, పోస్టుల్లో ఎప్పుడూ కాన్‌స్టెంట్ గురించే మాట్లాడతాం, 6 చాలదు అని. అది మాట్లాడాల్సిందే. కానీ పలక మీద ఉన్న అంకెను ఎవరూ అడగరు. 7తో ఆగినదాన్ని తుడిచి మళ్లీ 1 అని రాస్తే, పోయిన పోస్టు పేపర్లో పడదు, కోర్టుకు పోదు, ఎవరికీ తెలియదు.

జిల్లాల లెక్క మారినప్పుడు ఈ అనుమానం నాకు ఎక్కువ అవుతాది. తర్లుపాడు 1970 దాకా కర్నూలు జిల్లా, ఆ తర్వాత ఒంగోలు జిల్లా, 1972లో ప్రకాశం. మా తాత ఇల్లు కదలకుండానే జిల్లాలు మారాడు. ఉమ్మడి రాష్ట్రంలో 23 జిల్లాలు, 2014లో మనకు 13, 2022 ఏప్రిల్ 4న 26. బండ్ల మీద ఏపీ 27 అంటే ప్రకాశం అని ఉండేది, 2019లో కొత్త బండ్లకు ఏపీ 39 పెట్టారు. నేను నింపిన ఒక ఆన్‌లైన్ ఫారంలో జిల్లాలు మారిన ఏడాది తర్వాత కూడా పాత 13 పేర్లే వచ్చాయి. ఎవరో ఆ పట్టికను కోడులోనే చెక్కేశారు. ఫారం అయితే కంటికి కనపడింది కాబట్టి ఫోన్ చేసి చెప్పాం. జిల్లా యూనిట్‌గా నడిచే పోస్టుల రోస్టర్ రిజిస్టర్ ఒక బీరువాలో ఉంటాది, అది కనపడదు.

చూడటానికి దారి ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. మన రాష్ట్రంలో దరఖాస్తుకు గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అసలు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి మూడే. ఫలానా పోస్టుకు రోస్టర్‌లో చివరిగా వాడిన పాయింటు ఎంత, ఏ తేదీన. కొత్త నోటిఫికేషన్ ఏ పాయింటు నుంచి మొదలైంది. ఎస్టీ పాయింటుకు అభ్యర్థి దొరక్క మిగిలిన పోస్టులు ఎన్ని, వాటిని ఏం చేశారు.

ఈ మూడు ప్రశ్నలతో తెలుగులో ఒక నమూనా దరఖాస్తు రాసి పెట్టాను. అట్లాగే మొదలు పాయింటు, పోస్టుల సంఖ్య ఇస్తే మనకు ఎన్ని వస్తాయో చెప్పే పది లైన్ల పైథాన్ ప్రోగ్రాం ఒకటి ఉంది, పాయింట్ల పట్టిక పైనే పెద్దక్షరాల పేరుతో ఉంటాది. కావల్సినవాళ్లు కింద కామెంటులో మీ జిల్లా, డిపార్ట్‌మెంట్ పేరు రాయండి, రెండూ పంపిస్తా. దరఖాస్తు వేసి జవాబు వచ్చినవాళ్లు ఆ పాయింటు అంకె గ్రూపులో పెట్టండి, జిల్లాలవారీగా ఒకచోట రాసుకుందాం.